జీపు నిండాకే ఆట

మొన్న ఆదివారం నేనెప్పుడూ ఆడే కార్ల రేసింగ్ ఆట కొత్త భాగం మొదలుపెట్టగానే హెడ్‌ఫోన్స్‌లో ఇంజన్ గుర్రుమంది. కొండదారి, అద్దం మీద వాన చినుకులు, వాటిని తుడుస్తున్న వైపర్ల కీచు చప్పుడు. మొదటి మలుపు కనబడగానే నా వేలు దానంతటదే హెచ్ మీట మీదికి పోయింది. హారన్ మోగలేదు. ఈ భాగంలో ఆ మీట నొక్కితే లైట్లు వెలుగుతాయంతే. ఆఫీసులో ఈ ఆట విషయంలో నాకు పెద్ద పేరుంది. మొదటి భాగం నుంచీ ఒక్కటీ వదలకుండా ఆడినవాణ్ని కనుక కొత్తది వచ్చిందంటే అందరూ నన్నే అడుగుతారు. సోమవారం రాగానే పక్క సీటు కుర్రాడు, "ఎలా ఉంది సార్?" అన్నాడు. మామూలుగా అయితే గంటసేపు దంచేవాణ్ని. ఆ రోజు చిన్నప్పటి మా ఎస్తేరు టీచర్ గుర్తొచ్చి ముఖం వేడెక్కింది.

ఏజెన్సీ కొండల్లో, చింతపల్లిలో మా మిషన్ బడికి ఎవరో పాత కంప్యూటర్ ఒకటి ఇచ్చారు. తొంభైల చివరి మాట. దానికి పూలగుడ్డ తొడుగు, గదికి తెరలు, చెప్పులు బయటే విడవాలి. లెక్కలు చెప్పే ఎస్తేరు టీచర్ చేతిలో ఉండేది ఆ గది తాళం. నలభై దాటిన మనిషి, జీవితంలో స్టీరింగ్ పట్టలేదు, కానీ అందులో ఉన్న ఈ కార్ల ఆట మొదటి భాగమంటే ప్రాణం. శనివారం మధ్యాహ్నం కొంగు బిగించి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చునేది. అయితే వెంటనే మొదలుపెట్టేది కాదు. మా ఘాట్ రోడ్డు జీపులు నిండితే గానీ కదలవు కదా, టీచర్ కారూ అంతే. కుర్చీ వెనక బెంచీ వేయించి, "ఎక్కండి బేగి, ఇంకా ముగ్గురు పడతారు!" అని పిలిచేది. మేం ఇరుక్కుని కూర్చున్నాకే ఆట. "కాసుకోండి, మలుపొస్తంది" అనగానే అందరం ఒక పక్కకి ఒరిగేవాళ్లం. చిన్నపిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వేవాళ్లు. ప్రతి మలుపులోనూ హారన్. ఎదురుగా లారీ ఎక్కి వస్తుంటే టీచర్ కారును పక్కకి తీసి ఆపేసేది.

"టీచర్, ఇది ఆట కదా, దూరిపోదాం" అన్నాను ఒకసారి.

"బరువుతో ఎక్కే బండిని ఆపితే మళ్లీ కదల్నేదురా. దిగేవోళ్లమే ఆగాల. ఆటైతే మాత్రం? మిమ్మల్నందర్నీ ఎక్కించుకున్నాను కదా!"

ఎప్పుడూ ఆఖరున చేరేవాళ్లం. చేరగానే చప్పట్లు కొట్టేవాళ్లం. ఆ ఆట ఆడే పద్ధతే అదనుకున్నాను నేను.

ఇంటర్‌కి పార్వతీపురంలో మావయ్య ఇంట్లో చేరాను. అక్కడ బజారులో డబ్బులిచ్చి ఆటలాడుకునే కంప్యూటర్ల షాపు ఉండేది. మొదటి రోజే, అందరూ చూస్తుండగా, లారీ కనబడి కారు పక్కకి తీసి ఆపాను. షాపు షాపంతా గొల్లున నవ్వింది. "సూడండ్రా, లారీకి దారిస్తన్నాడు! ఏజెన్సీ గుంటడు జీపు తోల్తన్నాడు!" అన్నాడొకడు. ఆ తర్వాత నేను వీధిలో కనబడితే చాలు, పీప్ పీప్ అనేవాళ్లు. సిగ్గుతో చచ్చిపోయాను. మా బడి మీద, ఆ బెంచీ మీద, టీచర్ మీద కూడా సిగ్గుపడ్డాను. పంతం పట్టి వాళ్లలా ఆడటం నేర్చుకున్నాను. అంతలో రెండో భాగం వచ్చింది. అందులో పక్కవాడి కారును గుద్ది లోయలోకి తోస్తే పాయింట్లు. పడుతున్న కారును నెమ్మదిగా, తనివితీరా చూపిస్తారు. ఆ విద్యలో నన్ను మించినవాడు లేకపోయాడు. జీపు అనే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

దసరా సెలవులకి ఆ సీడీ పట్టుకుని, బడి ఆవరణలోనే ఉండే టీచర్ దగ్గరికే వెళ్లాను. శభాష్ అంటుందని ఆశ. "ఏటిరా, ఇంత ఎదిగిపోయావు!" అని మురిసిపోయి, కంప్యూటర్ గది తెరిచి, తెరను కొంగుతో తుడిచి వీధిలో పిల్లల్ని కేకేసింది. బెంచీ నిండింది. ఇద్దరం ఆడేలా పెట్టాను. తెర పై సగంలో టీచర్ కారు, కింది సగంలో నాది.

"నీ బండిలో ఎవులూ లేరేటి? ఇద్దర్ని ఎక్కించుకో."

"వద్దు టీచర్, బరువు" అన్నాను గొప్పగా.

మలుపు వచ్చింది. "హారన్ ఏదిరా?"

"ఇందులో తీసేశారు టీచర్."

"మరి మలుపులో ఎలాగ?" అని ఆవిడే నోటితో పీప్ అంది. బెంచీ అంతా పీప్ అంది. ఎదురుగా లారీ ఎక్కుతోంది. టీచర్ కారును లోయ అంచుకి తీసి, బుద్ధిగా ఆపింది. వెనకే నేను. ఆలోచించానని చెప్పలేను, నా వేళ్లకి అది అలవాటు. గుద్దాను. టీచర్ కారు గాల్లో మెల్లగా పల్టీలు కొట్టింది. నా వైపు పాయింట్లు గలగల పడ్డాయి. చెయ్యి పైకెత్తి వెనక్కి చూశాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

టీచర్ మీటల మీంచి చేతులు తీసి, కుర్చీ బెంచీ వైపు తిప్పింది. "ఎవులికీ దెబ్బలు తగల్లేదు కదా?" అని ఒక్కొక్కరి ముఖం చూసింది. అందరూ తలలు అడ్డంగా ఊపారు. "నేను ముందే గెంతేసాను టీచర్" అంది చివర కూర్చున్న చిన్న గుంట. "మంచి పని సేసావు" అని దాని తల నిమిరింది. తర్వాత నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను.

"రోడ్డు బాగుందిరా. రోడ్డు సానా బాగా సేసారు" అంది.

కాఫీ ఇచ్చింది. సగం వదిలేసి లేచాను. గేటు దాకా వచ్చి "మెల్లగా ఎల్లు" అంది. తిట్టి ఉంటే మళ్లీ వెళ్లగలిగేవాణ్నేమో. ఆ తర్వాత ఎన్నిసార్లు ఊరెళ్లినా బడి ముందు నుంచి కాకుండా చుట్టు తిరిగి పోయాను. టీచర్ రిటైరై చెల్లెలి ఊరు వెళ్లిపోయిందని అమ్మ చెప్పింది.

ఇప్పుడు నా సొంత కారులో ఘాట్ దిగుతుంటే ప్రతి మలుపులో హారన్ కొడతాను, ఎక్కే బండి కనబడితే ఆగుతాను. వెనకవాళ్లు విసుక్కున్నా పట్టించుకోను. అదంతా రోడ్డు మీదే. మొన్న ఆదివారం ఆటలో మాత్రం మొదటి పందెంలోనే ఒక కారును లోయలోకి తోసేశాను. ఈ భాగంలో కారు లోపలి నుంచి కూడా చూడొచ్చు. నా కారు వెనక సీట్ల వైపు తిప్పి చూశాను. మెత్తటి సీట్లు, కుట్లు కూడా కనబడేంత బాగా గీశారు. ఎవరూ లేరు.

పక్క సీటు కుర్రాడు ఇంకా నా ముఖంలోకే చూస్తున్నాడు.

"రోడ్డు బాగుంది" అన్నాను.

"అంతేనా సార్?"

"రోడ్డు చాలా బాగా చేశారు" అని తల దించుకున్నాను.