తొట్టిలో దిగే మనిషి

యజమాని భార్య గనక దుకాణంలో అందరూ ఆమెను వదిన అనేవారు. ఆ యజమాని మాత్రం "ఏమే" అనేవాడు.

ఆయన వెట్‌సూట్లు కుట్టి అమ్మేవాడు. వీపున సిలిండరు లేకుండా, ఒక్క ఊపిరి బిగబట్టి సముద్రంలో లోతుకు దిగేవాళ్లు చలికి వేసుకునే రబ్బరు తొడుగులవి. ముందు గదిలో రబ్బరు చుట్టలు, అట్ట కత్తిరింపులు, జిగురు వాసన. వెనక గదిలో నిలువెత్తు సిమెంటు తొట్టి. కొత్త రకం రబ్బరు వచ్చినప్పుడల్లా ఆ తొట్టిలో ఐసు గడ్డలు వేయించి, కొత్త సూటు తొడిగించి పెళ్లాన్ని దింపేవాడు. ఎంత ఆలస్యంగా వణుకు మొదలైతే ఆ రబ్బరు అంత మంచిదని లెక్క.

"పెళ్లాం ఉండగా థర్మామీటరు దండగ," అనేవాడు కొనడానికి వచ్చినవాళ్లతో. వాళ్లు నవ్వేవారు. తొట్టిలోంచి ఆమె కూడా నవ్వాల్సి వచ్చేది.

లోపలివైపు గుడ్డ లేని రబ్బరైతే చర్మాన్ని జలగలా పట్టుకుంటుంది. సబ్బు నీళ్లు పోసుకుంటే తప్ప ఒంటికెక్కదు, గోరు తగిలితే చిరుగుతుంది. అందుకని వదిన ఏనాడూ గోళ్లు పెంచలేదు. ఒకసారి బొటనవేలు తగిలి మెడ దగ్గర చీలితే, పనివాళ్లందరి ముందూ ఆయన ఆమె చెయ్యి పట్టి, రబ్బరు కోసే కత్తెరతో గోళ్లు మొదలంటా కత్తిరించాడు. రక్తం వచ్చింది. "రబ్బరు మీద పడనీకు," అన్నాడు.

కొన్నేళ్లకు ఆమె వేళ్ల కొసలు సున్నం పూసినట్టు తెల్లబడడం మొదలైంది. సూది గుచ్చినా తెలిసేది కాదు. పొయ్యి మీది గిన్నె పట్టుకుంటే, మాడిన వాసన వచ్చాకే చెయ్యి కాలిందని తెలిసేది. ఆ సంగతి చెబితే ఆయన, "వేళ్లతో పనేముంది? నాకు కావాల్సింది ఒళ్లు," అన్నాడు.

ఒకరోజు ఒక గజ ఈతగత్తె వచ్చింది. పోటీల్లో బాగా లోతుకు దిగే మనిషి. వదిన అప్పటికే తొట్టిలో మెడదాకా మునిగి ఉంది. ఆయన మెత్తటి దళసరి రబ్బరు ముక్క ఆ అమ్మాయి చేతిలో పెట్టి, "దీన్ని మించింది లేదు. చూడండి, మా ఆవిడ వణకడం లేదు," అన్నాడు.

ఆ అమ్మాయి ముక్కను నలిపి చూసింది. "ఇది పైన వెచ్చగానే ఉంటుందన్నా. మెత్తదాన్లో గాలి బుడగలెక్కువ. లోతుకు పోయేసరికి నీటి బరువుకి అవన్నీ నలిగిపోయి అట్టముక్కయిపోతుంది. అప్పుడు వెచ్చదనమూ ఉండదు, తేలదు కూడా. పైకి రావాలంటే ఒంటికి రాయి కట్టుకుని ఈదినట్టే. మాకు నలగనిది కావాలి. బిరుసుగా, పల్చగా ఉన్నా పర్లేదు."

"అయితే ఈ తొట్టి..." అంది వదిన నీళ్లలోంచి.

"తొట్టిలో ఏం తెలుస్తుందక్కా? లోతు లేదుగా. మీకెవరూ చెప్పలేదా?"

వదిన భర్త వైపు చూసింది. ఆయన తొణకలేదు. "తెలీకేం? పోయినేడు రబ్బరమ్మేవాడే చెప్పాడు. కానీ తొట్టి చూస్తేనే కదండీ జనం కొనేది!" అని నవ్వి, బిరుసు రబ్బరు చుట్ట దించి ఆ అమ్మాయికి కొలతలు తీశాడు.

ఇన్నేళ్ల చలీ బూడిదలో పోసిన పన్నీరే. మర్నాడు ఐసు వచ్చింది. వదిన జిగురు బల్ల దగ్గర్నుంచి లేవలేదు.

"నేను దిగను," అంది.

ఆయన కొడతాడనుకుంది. కొట్టలేదు. "సరే. ఎటూ వయసు మళ్లింది. చూసేవాళ్లకీ బాగోదు," అని బయటికి పోయాడు.

వారం తిరక్కుండా మేనల్లుడి కొత్త పెళ్లాన్ని తీసుకొచ్చాడు. గట్టిగా మాట్లాడితేనే ఉలిక్కిపడే పిల్ల. "దీనికి నేర్పు," అన్నాడు వదినతో.

వదిన సబ్బు నీళ్లు పోసి సూటు తొడిగింది. తొట్టిలోకి దిగుతూనే పిల్ల పళ్లు టకటకలాడాయి. "అత్తయ్యా, చలి! ఇది ఎందుకు? దీనివల్ల ఏం తెలుస్తుంది?" అని ఏడ్చింది.

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట వదిన నాలిక చివరిదాకా వచ్చింది. కానీ తన ఒళ్లు ఉత్త పుణ్యానికి కొయ్యబారిందని నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల ముందు ఒప్పుకోవడం ఆమె వల్ల కాలేదు. పైగా ఆ పిల్ల వేళ్లు ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి.

"చాలా తెలుస్తుంది," అంది. "నోరు ముయ్యి. ముక్కుతో ఊపిరి తీసుకో. జనం వచ్చే వేళయింది, కళ్లు తుడుచుకో."

పిల్ల లేవబోయింది. వదిన ఆమె భుజం మీద చెయ్యి వేసి, మెడ మునిగేదాకా కిందికి నొక్కి పట్టుకుంది.