తెల్లచార పుట్టిన చోటు

మా మాస్టారు పోయారు. సీతమ్మధార నుంచి వారి అమ్మాయి ఫోన్ చేసి, "నాన్న నిద్దట్లోనే ఎల్లిపోనారక్కా" అంది. చాలాసేపు ఏ పనీ చేతికి రాలేదు. భూగర్భశాస్త్రంలో నాలుగు ముక్కలు వచ్చాయంటే అది ఆయన చలవే.

ఆయన మెళ్ళో ఎప్పుడూ భూతద్దం వేలాడేది. చర్చికి వెళ్ళినా అంతే. మెట్ల రాయి మీదికి వంగి చూస్తుంటే ఆయన భార్య మోచేత్తో పొడిచేవారు. పాఠం ఇంగ్లీషులో చెప్పినా, తిట్టేది మాత్రం మా యాసలోనే.

ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులవి. నా పరిశోధనంతా గాజువాక అవతల క్వారీలో ఒక రాతిగోడ మీద నిలబడింది. బూడిదరంగు గ్రానైటులో మెలికలు తిరిగిన తెల్లచారలు. భూమి లోతుల్లో వేడికి రాయి మొత్తం కరగదు. తెల్ల భాగం ముందు కరుగుతుంది, నల్లది మిగిలిపోతుంది. చుట్టూ ఒత్తిడికి రాయి నలుగుతుంటే, నువ్వుల చిమ్మిలి దంచినప్పుడు నూనె ఊరినట్టు, కరిగింది చారలుగా చేరుతుంది. అదే మిగ్మటైటు. అందుకే ప్రతి చార అంచునా కాటుక గీసినంత నలుపు ఉందని నా వాదన. తెల్లది ఎక్కడో బయట కరిగి పగుళ్ళలోకి ఎక్కిందని మాస్టారు ఏళ్ళ తరబడి రాస్తూ వచ్చారు.

"గుడ్డొచ్చి పిల్లని ఎక్కిరించినట్టుంది నీ యవ్వారం" అని నవ్వేవారు. అంతలోనే ముఖం బిగించి, "చారకి రెండు కొనలూ సూపించమ్మా. అందాకా సంతకం పెట్టను" అనేవారు. బయటి నుంచి ఎక్కిన చారైతే ఒక కొన బయటికి పోవాలి, అక్కడే పుట్టిందైతే రెండూ రాయిలోనే ఆగిపోవాలి. ఫోటోల్లో కొనలు తేలేవి కావు. థీసిస్ మీద గైడుగా ఆయన సంతకం లేకపోతే నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఆ గోడను మధ్యాహ్నం పేల్చేస్తారని తెలిసి ఆయన్ని బస్సెక్కించి లాక్కెళ్ళాను. అప్పటికే ఎర్రజెండా కట్టేశారు. మేస్త్రీని బతిమాలితే కాసేపు ఆగాడు. మాస్టారు మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో చార వెంట పోసాగారు.

"ఏటి సేత్తన్నారు బాబూ! కన్నాల్లో మందు దట్టీసినాం, లెగండి!" అని మేస్త్రీ అరిచాడు.

"ఇంకొక్కటి" అన్నారు మాస్టారు, తల ఎత్తకుండా.

సైరన్ మోగింది. ఆయనకేమైనా అయితే? లేచి నా వాదన తప్పంటే? చెయ్యి పట్టుకుని లాగాను. రేకుల షెడ్డు వెనక్కి చేరామో లేదో, నేల అదిరింది. దుమ్ము తగ్గాక చూస్తే గోడ లేదు. బస్సులో ఆయన భూతద్దానికి పట్టిన దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నారు. తరవాత సంతకమైతే పెట్టారు గాని, ఎందుకు పెట్టారో చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

మౌఖిక పరీక్ష రోజు, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మాస్టారి పాత వ్యాసం తెరిచి నా ముందు పెట్టాడు. "మీ గురువుగారే ఇది కాదని రాశారు. మీరు చెప్పే గోడేమో ఇప్పుడు లేదు. ఎవరిని నమ్మమంటారు?"

మాస్టారు లేచారు.

"గోడ నాను సూశాను. కొనలు రెండూ ఆ రాయిలోనే కలిసిపోనాయి. నాను రాసిందే తప్పు."

ఆయన బోర్డు దగ్గరికి వెళ్ళి తన వ్యాసంలోని బొమ్మే వేశారు. రాయి, చారలు, బయటి నుంచి లోపలికి దూసుకొచ్చే పెద్ద బాణం. దాన్ని ఒక్క క్షణం చూశారు. డస్టరు పక్కనే ఉన్నా తీసుకోలేదు. బాణాన్ని అరచేత్తో చెరిపేసి, తెల్లబడ్డ ఆ చేత్తోనే, మాట్లాడమని నాకు సైగ చేశారు.