ఎర్రగీత మెషీన్లు, మావగారి ఎడమచెయ్యి

మావగారు పోయారని మా ఆవిడ ఫోను చేసినప్పుడు నేను విజయనగరంలో మా షాపులో ఒక పెద్దాయనకి ల్యాప్‌టాప్ చూపిస్తున్నాను. ఇంజనీరింగులో చేరిన కూతురి కోసం వచ్చాడాయన. "నాన్నగారు లేరండీ. కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నారు, అలాగే..." అని ఆమె ఆగిపోయింది. వస్తున్నానని చెప్పి పెట్టేశాను. ఎదుటాయన పాపం ఏమీ తెలియక "ఇది వేడెక్కుతాదేటి బాబూ?" అని అడిగాడు. నేను అలవాటు కొద్దీ చెప్పుకుపోయాను. ఈ ఏటి మోడల్లో ఫ్యాన్లు పెద్దవి, రెక్కలు పల్చన, మోత తక్కువ... ఆ మోత అన్న మాట దగ్గర ల్యాప్‌టాప్ మూసేశాను. కంప్యూటర్ల మోత గురించి నాకు తెలిసిందంతా మావగారు నేర్పిందే. కొనడానికొచ్చినాయనకి క్షమాపణ చెప్పి, షట్టరు దించి, బొబ్బిలి బయల్దేరాను.

మావగారు బొబ్బిలిలో వీణ మేస్టారు. రాత్రి గుళ్ళో స్వామిని పడుకోబెట్టేటప్పుడు వీణ వాయించడం వాళ్ళింటి సేవ. ఆయనకి వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చింది. నేనా, కంప్యూటర్లు అమ్ముకునేవాణ్ణి. గాడిదకేం తెలుసు గంధపు వాసన అన్నట్టు, నాకు సంగీతం ఓ ముక్క రాదు. అయినా మా ఇద్దరి మధ్య ఇన్నేళ్ళూ మాట తెగకుండా నిలబెట్టింది ఒకే కంపెనీ తయారుచేసే ఒకే రకం కంప్యూటర్లు. కంపెనీ పేరు చెప్పను, చెబితే నా షాపుకి ప్రకటన రాసుకున్నట్టుంటుంది. పైగా మావగారు ఆ పేరు ఏనాడూ పలకలేదు. ఆ రకం మెషీన్ల మీద ఒక ఎర్రటి గీత ఉండేది కాబట్టి ఆయనకవి ఎర్రగీతలు.

మొదటి ఎర్రగీత మా పెళ్ళైన కొత్తలో ఆయన చేతికి వెళ్ళింది. పాఠాలు రికార్డు చేసుకోడానికి మెషీను కావాలని ఒకరోజు షాపుకొచ్చారు. ఆఫీసుల్లో వాడే మామూలుది చూపించాను. ఆయన స్టూలు లాక్కుని, కళ్ళు మూసుకుని, పెట్టెకి చెవి ఆనించి కూర్చున్నారు. షాపులో వాళ్ళంతా నా మొహం చూస్తున్నారు. "అల్లుడుగారూ, ఇది ముక్కుతన్నాదండీ" అన్నారు చివరికి. మూలన ఇంకో డెస్క్‌టాప్ ఉంది. నల్లటి పెద్ద రేకు పెట్టె, పక్కన అద్దం, పైనుంచి కిందకి ఎర్రగీత. దానికీ చెవి ఆనించి, ఇది కావాలన్నారు.

"అది ఆటల మెషీనండీ. కాలేజీ కుర్రాళ్ళు అందులో యుద్ధాలు చేసుకుంటారు" అన్నాను.

"బొబ్బిలోడికి యుద్ధం మిషను కాకపోతే ఇంకేటిస్తారండీ?" అన్నారు. షాపంతా నవ్వింది. ఆ పెట్టె ఆటో ఎక్కింది.

ఇంక ఆ పెట్టె చేసిన ఘనకార్యం చెప్పాలి. వాళ్ళింట్లో శ్రుతిపెట్టె వాడరు. మేస్టారు తన వీణ చెవితో శ్రుతి చేసుకుంటారు, శిష్యులు మేస్టారి వీణకి కలుపుకుంటారు, అదీ ఆచారం. ఈ ఎర్రగీతని ఆయన పాఠం చెప్పే గదిలోనే పెట్టుకున్నారు. రికార్డు చేసిన పాఠాలు అది ఒక పక్క సర్దుతుంటే దాని ఫ్యాను గంటల తరబడి ఒకే స్థాయిలో మోగేది. మావగారికి తెలియకుండానే ఆయన చెవి ఆ మోతకి అతుక్కుపోయింది. రోజుకింత చొప్పున ఆయన వీణ ఆ ఫ్యాను దగ్గరకి జరిగింది. ఆయన వెనకాల శిష్యుల వీణలన్నీ జరిగాయి.

గుళ్ళో ఉత్సవం రోజున భజన బృందంతో కలిసి వాయించాలి. హార్మోనియం ఆయన ఒక మెట్టు నొక్కి, తల గోక్కుని, "మేస్టారూ, మీ వీణలు కూసింత పైకున్నట్టున్నాయండి" అన్నాడు. మావగారు ఒప్పుకోలేదు. తప్పు నీ పెట్టెదే, చెమ్మకి పాడైందన్నారు. శిష్యులు కూడా మేస్టారి పక్షమే, వాళ్ళ వీణలన్నీ ఒకదానితో ఒకటి చక్కగా కలిసే ఉన్నాయి మరి. వాదన ముదిరి పూజారి బయటికొచ్చాడు. అప్పుడు మావగారు కళ్ళు మూసుకుని తన శ్రుతిని చిన్నగా కూనిరాగం తీశారు. మళ్ళీ తీశారు. ఉన్నట్టుండి తొడ మీద చరుచుకుని, "ఓర్నాయనో! ఫేను సుతికి కట్టీసినాం రా! మనవంతా ఫేనుకి శిష్యులవైపోనాం!" అని నవ్వడం మొదలెట్టారు. నవ్వాగక కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. వీణలన్నీ విప్పి మళ్ళీ శ్రుతి చేసుకునేసరికి చాలాసేపు పట్టింది. స్వామి ఆరోజు కాస్త ఆలస్యంగా పడుకున్నాడు.

ఇంకెవరైనా అయితే ఆ మెషీను గది మార్చేసి ఊరుకునేవారు. ఈయన దాంతో చుట్టరికం కలుపుకున్నారు. ఎర్రగీతలో కొత్త మోడల్ వచ్చిందని చెబితే చాలు, మొదటి ప్రశ్న "ఏ సుతిలో పాడతాది?" నేను ఆ ప్రశ్ననే పట్టుకెళ్ళి డీలర్ల మీటింగులో అడిగాను. అందరూ నవ్వారు, నేను మాత్రం నిజంగానే అడిగాను.

ఆ రకంలో మొదటి ల్యాప్‌టాప్ వచ్చినప్పుడు దాని బరువు సన్నికల్లంత. ఛార్జరే ఒక ఇటుక. ఒళ్ళో పెట్టుకుంటే తొడలు కాలేవి. మావగారు దాన్ని వీణలు చేసే వాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళారు. వాళ్ళు వీణకి తొలిచేయగా మిగిలిన పనసచెక్కకి బెజ్జాలు పెట్టి దాని కిందకి పీట చేసి ఇచ్చారు. "వీణకి గాలాడాల, దీనికీ గాలాడాల. రెండూ ఒకే జాతి" అనేవారు. ఆ పీటతో సహా దాన్ని సంచిలో పెట్టుకుని గుడికి, శిష్యుల ఇళ్ళకి తిప్పారు.

తరవాతి దాంట్లో గిరగిరా తిరిగే డిస్కు పోయి చిప్పు వచ్చింది. మూత తీస్తే చాలు, రెప్పపాటులో తెరుచుకునేది. నేను గొప్పగా చూపిస్తే ఆయన పెదవి విరిచారు. "పాతది లెగిసీ లోపల నేను సుతి సేసుకునీవోణ్ణి. ఇది నాకు టైమివ్వదు. ఒచ్చిన సుట్టం చెప్పులిడవకముందే అన్నం పెట్టమన్నట్టుంది." ఆ మాట నేను కస్టమర్లకి ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో.

ఆ తరవాత కంపెనీ వాళ్ళకి నాజూకు మీద మోజు పుట్టింది. రేకు పోయి లోహం వచ్చింది, లావు పోయి పల్చనైంది, నలుపు పోయి బూడిదరంగు వచ్చింది. గీత కూడా తీసేశారు. ఆటలాడే కుర్రాళ్ళే కాదు, ఆఫీసర్లు కూడా కొనాలట, ఆ గీత చూస్తే వాళ్ళకి నామోషీ అట. మావగారు కొత్తదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నిజంగా నొచ్చుకున్నారు. "దీని మొహాన బొట్టు తీసీసినారేటి అల్లుడూ?" అన్నారు. అప్పటికి నేను అల్లుడుగారి నుంచి అల్లుడిలోకి దిగాను. మా ఆవిణ్ణి పిలిచి ఆమె గోళ్ళరంగుతో మూత మీద గీత గీయించారు. స్కేలు పెట్టినా అది వంకరగానే వచ్చింది. ఇప్పుడు బాగుందన్నారు.

ఇలా తలుచుకుంటూ పోతే నాకు ఆ ఏళ్ళన్నీ మెషీన్ల వరసలోనే గుర్తొస్తాయి. మా అమ్మాయి పుట్టింది రేకు పెట్టె కాలంలో. అత్తగారు పోయింది సన్నికల్లు కాలంలో. పనసపీట మీద మెషీను, ఎదురుగా చాప మీద వీణ, కిటికీలోంచి ఎండ, వంటింట్లోంచి పోపు వాసన. ఆ గదిలో ఇంకొక్క పూట కూర్చోనిస్తే షాపు తాళాలు ఎవరికైనా ఇచ్చేస్తాను.

గీత వంకరైన ఏడాదే ఆయన ఎడమచేతి వేళ్ళు బిగుసుకోవడం మొదలైంది. వీణలో ప్రాణమంతా ఎడమచేతిదేనట. కుడిచెయ్యి మీటుతుంది, ఎడమచెయ్యి మెట్టు మీద తీగని నొక్కి పక్కకి లాగుతుంది, ఆ లాగడంలోనే ఒకరి బాణీ ఇంకొకరి నుంచి వేరవుతుంది. మెడలో నరం నొక్కుకుపోయిందని, ఇంకా ముదరకుండా చూడగలం గానీ పోయిన పట్టు తిరిగి రాదని విజయనగరంలో డాక్టరు చెప్పాడు. తిరిగొచ్చి బస్సు దిగాక మావగారు మా ఆవిణ్ణి అడిగారు. "నా తరవాత సామికి జోల ఎవలు వాయిస్తారే?"

ఆ జోల పాట చాలామందికి వచ్చు. వాళ్ళమ్మ వాయించిన తీరు మాత్రం ఆయన వేళ్ళకే వచ్చు. అందులో ఒకచోట పక్క మెట్టు తాకకుండా, ఉన్న మెట్టు మీదే తీగని మెల్లగా లాగి, అంతకన్నా మెల్లగా వదలాలి. "నిద్దరోయిన పిల్ల గుప్పిట్లోంచి మన ఏలు తీసుకున్నట్టుండాల" అనేవారు. శిష్యుల్లో ఎవరికీ అది పట్టుబడలేదు. మా ఆవిడ చిన్నప్పుడు కొంత నేర్చుకుంది. తరవాత బడిలో టీచరుగా చేరి వదిలేసింది. "నా చెయ్యి కూచోదు నాన్నా" అంటే, "చెయ్యి కూచోదు, మనమే కూచోవాల" అన్నారాయన.

ఆ వేళ్ళు ఆడుతుండగానే జోలని వీడియో తీసి ఉంచుదామని, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు స్నేహితుణ్ణి బతిమాలి నాలుగు కెమెరాలు తెచ్చాను. పైనుంచొకటి, పక్కనుంచొకటి, అన్నీ ఎడమచేతి చుట్టూనే. కంటికి అందని వేళ్ళ కదలికని నెమ్మది చేసి చూపించాలి కదా. గోళ్ళరంగు గీత మెషీను ఆ బరువుకి మొరాయించింది. ఆ ఏడాది వచ్చిన అన్నిటికన్నా బలమైనది తెచ్చి పనసపీట మీద పెట్టాను. అట్టపెట్టె మోసి నడుం పట్టేసిందని నేను మూలిగితే, చెయ్యి పడిపోతున్న మనిషి నా వైపు చూసి, "రోలెల్లి మద్దెలకి మొరెట్టుకున్నట్టుంది నీ యవ్వారం" అన్నారు.

మొదటిసారి తన వేలు నెమ్మదిగా కదలడం తెర మీద చూసినప్పుడు ఆయన పీట దగ్గరకి జరిగారు. "ఈడెవుడ్రా?" అన్నారు. మీరేనన్నాను. "మళ్ళీ ఎయ్యి." వేశాను. జోలలో ఆ లాగే చోట వేలు నేరుగా ముందుకి వెళ్ళడం లేదు. ముందు వెంట్రుకవాసి వెనక్కి తగ్గి, అప్పుడు తీగని లాగుతోంది. ఆ సంగతి ఆయనకే తెలియదు. ఇన్నేళ్ళుగా శిష్యులకి చెప్పలేదు, తెలిస్తే కదా చెప్పడానికి. "మాయమ్మ ఇలాగే సేసీది" అన్నారు. "నేను నేర్సుకున్నది కాదురా ఇది. అంటుకుపోనాది." ఆరోజు నన్ను మొదటిసారి ఒరే అన్నారు. నాకు ఏ బిరుదూ అంత బాగుండదు.

జోల మొత్తం తీయగలిగాం. అదే మా అదృష్టం. ఆ తరవాత ఒక ఉదయం తీగ మీద వేలు పెట్టి, లాగబోయి, ఆగి, వీణని పక్కన పడుకోబెట్టేశారు. ఏడుస్తారేమో అనుకున్నాను. కూతుర్ని పిలిచి తన చోట కూర్చోబెట్టి, వీణ ఆమె ఒళ్ళో పెట్టి, మెషీను ఆమె వైపు తిప్పారు. "నన్ను సూడకు. ఆణ్ణి సూడు. ఆడు బాగా వాయిస్తాడు, మొకమాటం నేదు, ఎన్నిసార్లడిగినా ఇసుక్కోడు. నాకన్నా మంచి మేస్టారు" అన్నారు తెర మీది తన చెయ్యి చూపించి. ఆనాటి నుంచి పోయేదాకా ఆ ఇంట్లో పాఠానికి ముగ్గురు ఉండేవారు. కూతురు, తండ్రి, తెర లోపలి ఆయన. ఆమె తప్పు వాయిస్తే "ఆడేటి సేసినాడు, నువ్వేటి సేస్తన్నావు?" అని కసిరేవారు.

మావగారి కార్యక్రమాలయ్యాయి. ఆయన వేలు ఆగిన నాటి నుంచీ గుళ్ళో పూజారి గంట కొట్టి తలుపు వేసేస్తున్నాడు. జోల లేదు. దారిలో కనిపించిన వాళ్ళందరూ మా ఆవిణ్ణి జోలకి ఎప్పుడొస్తావని అడుగుతున్నారు. "ఇంకా రాలేదండీ. వచ్చాకే వస్తాను" అంటుంది. నిజం చెప్పాలంటే ఆమె మానేస్తుందనే నేను భయపడ్డాను. రోజూ బడికి వెళ్ళేముందు ఆ మెషీను ముందు కూర్చుంటుంది. ఆ చోటు రావడం లేదని నాకు కూడా వినిపిస్తోంది. నాకు వినిపించడమంటే ఎంత రావడం లేదో మీరే ఊహించండి.

మొన్న ఆదివారం ఆమె వీడియోని పాట చివర ఆపలేదు, మర్చిపోయింది. పాట అయ్యాక కూడా కెమెరా తిరుగుతూనే ఉందని మాకప్పుడే తెలిసింది. మావగారు వీణని దించి, బిగుసుకున్న ఎడమచేతి వేళ్ళని కుడిచేత్తో ఒక్కొక్కటే నిమురుకుంటున్నారు. కాసేపటికి కెమెరా ఆపడానికి ఆ ఎడమచెయ్యే చాపారు. అరచెయ్యి దగ్గరకొచ్చి తెరంతా నిండింది. మా ఆవిడ అక్కడ ఆపేసింది. ఆయన చూపుడువేలి కొసన, మధ్యవేలి కొసన తీగలు కోసిన లోతైన చారలు, నల్లగా, ముదురుగా ఉన్నాయి. ఆమె ఏమీ అనకుండా తన ఎడమచెయ్యి ఎత్తి ఆ చేతి పక్కన ఆనించింది. అవే రెండు వేళ్ళ కొసల్లో, ఇంకా పచ్చిగా, రెండు చారలు.