ఆకు దూయని మల్లె

డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా జ్వరం వచ్చి మా అమ్మాయి పోయింది. ఆ చలికాలమంతా నాకు ఏడుపు రాలేదు, ఆకలీ వేయలేదు. పొద్దున్నే లేచి, దొడ్లో అది నాటిన మల్లెతీగకు నీళ్ళు పోసేదాన్ని. అంతే.

చీరాలలో చలి ఏపాటిది అంటారు గానీ, మల్లెకు ఆ కాస్తా ఎక్కువే. డిసెంబరుకల్లా ఆకులు పండి ముడుచుకుపోయాయి. ఇది కూడా పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. రెండేసి బిందెలు పోశాను. పొద్దుగూకితే పాత చీర కప్పాను.

పక్కింటి పిన్నిగారు పూలు కట్టి అమ్ముతారు. గోడ మీంచి చూసి, "ఏమ్మాయ్, చలికాలంలో మల్లెకి నీళ్ళెవరన్నా పోస్తారా? ఆకంతా దూసెయ్. నెల్లాళ్ళు ఎండబెట్టు. అప్పుడే మొగ్గ తొడుగుద్ది," అన్నారు.

"మీ సంగతి మీరు చూసుకోండి పిన్నిగారూ," అన్నాను. నాకు నోరెక్కువ. పిల్ల నాటిన చెట్టును నా చేత్తో మోడు చేయమంటే ఒళ్ళు మండింది.

వేసవి వచ్చింది. గోడ నిండా గుబురుగా ఆకు, ఒక్క మొగ్గ లేదు. మా ఆయన చూసి, లోపలికెళ్ళి టీవీ పెట్టుకున్నారు. ఆయన అలా వెళ్ళిపోతేనే నాకు మరీ కోపం.

మరుసటి జనవరిలో నీళ్ళు మానేశాను. పీట ఎక్కి, కొమ్మకొమ్మకీ ఆకు దూశాను. చేతులు పచ్చబడ్డాయి గానీ మనసులో ఏమీ కదల్లేదు. పిన్నిగారు వచ్చి కొసలు కత్తిరించి వెళ్ళారు. నెల్లాళ్ళు గోడ మీద ఎండు పుల్లలే. బతికుందో లేదో గోరుతో గీరి చూద్దామనుకునేదాన్ని. చూడలేదు, ధైర్యం చాల్లేదు.

ఫిబ్రవరిలో మళ్ళీ నీళ్ళు పెట్టాను. చిగుళ్ళొచ్చాయి, వాటి వెంటే మొగ్గలు. మార్చిలో ఒక సాయంత్రం కొంగు నిండా కోసి, గుమ్మంలో కూర్చుని, అరటినార తడిపి మూరెడు దండ కట్టాను. చివర ముడి వేసి, లోపలికి తిరిగి కేకేశాను.

"రావే, జడలో పెడతాను."

లోపల టీవీ ఆగిపోయింది. మా ఆయన గడప దగ్గరికి వచ్చి నిలబడ్డారు. దండ నా చేతిలోనే ఉంది.

మా అమ్మాయి పోయిందని నాకు అప్పుడు తెలిసింది.