పుర్రచేతి గిటారు

గుంటూరు గడ్డ మీద జరిగిన ఒక మహాసంగ్రామం గురించి రాద్దామని కూర్చున్నాను. కళ్ళు ఎర్రబడతాయి, కన్నీళ్ళు కారతాయి. అయితే అదంతా మిరప ఘాటు. సంగ్రామమేమీ లేదు. ఇంటర్ పరీక్షలయ్యాక గిటారు కొనుక్కోవడానికి వెళ్ళాను, అంతే.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె, నాది పుర్రచేతి వాటం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇంటిల్లిపాదీ దాన్ని మాన్పించే పనిలోనే ఉన్నారు. ఒకటో తరగతి మేస్టారు రూళ్ళకర్రతో నా బలపాన్ని కుడిచేతికి మార్పించారు. అన్నం కుడికి, ప్రసాదం కుడికి. నమస్కారం రెండు చేతులతో గనక బతికిపోయింది.

మిర్చి యార్డులో కాయలు అమ్మిన మావయ్య ఆ ఘాటుతోనే నా వెంట దుకాణానికి వచ్చాడు. ఒక గిటారెత్తి చెవి దగ్గర ఊపాడు. గలగలమంది.

"ఇది తీసుకోరా అల్లుడూ. బాగా ఎండింది."

మిరపకాయలో గింజలు మోగితే ఎండినట్టు. గిటారులో మోగింది మాత్రం ఎవరో జారవిడిచిన మీటే బిళ్ళ.

నేను పక్కనున్న నల్లదాన్ని తీసుకుని ఎడంచేత్తో మీటబోయాను. దుకాణదారు కంగారుపడ్డాడు.

"తిరగేసి పట్టుకున్నావ్ తమ్ముడూ."

"నాది పుర్రచెయ్యండి."

"కొత్తగా నేర్చుకునేవాడికి ఏ చెయ్యైతే ఏంటి? కుడికే అలవాటు చేసుకో."

మావయ్య తుమ్మి అందుకున్నాడు. "ఆయన చెప్తున్నాడు గదరా! నలుగురిలో ఎడంచెయ్యి ఊపితే ఏం బాగుంటది?"

నాకు ఒళ్ళు మండింది. కొంత యార్డు కారం కూడా కావచ్చు.

"తినమన్న చేత్తో తిన్నా, రాయమన్న చేత్తో రాశా. ఇది మాత్రం ఎడంచేత్తోనే మావయ్యా. కాదంటే నాకు గిటారే వద్దు, పద."

"మీ అమ్మకేం చెప్పన్రా?"

"గిటారు కొన్నాడని చెప్పు. ఏ చేత్తో అని అడిగితే అప్పుడు చూద్దాం."

నిజంగానే గడప దాకా నడిచాను. వెనక్కి చూడలేదు. చూస్తే నల్లది కనపడుతుంది, పౌరుషం దిగిపోతుంది.

"తీగలు అటూ ఇటూ మార్చివ్వవయ్యా," అని మావయ్య గొంతు వినిపించింది. "వాడు మా అక్క కొడుకు, వినడు."

దుకాణదారు గొణుక్కుంటూ ఆరు తీగలూ విప్పి, వరస తిరగేసి బిగించాడు. ఎడంచేత్తో మీటాను. ఆ చేతిని ఎవరూ ఏమీ అనలేదు.

తీగలు తిరగేసినప్పుడు మెడ చివర వాటిని పట్టి ఉంచే గాట్ల పట్టీ కూడా మార్చాలట. మార్చలేదు. లావు తీగ సన్న గాటులో పట్టక, గట్టిగా మీటినప్పుడల్లా జారి బయటికి వచ్చేది.