గోడమీది ఏనుగు

వరాజ్ పేరెత్తితే చాలు, మా ఆయన అర్షాక్‌కు కడుపుమంట. ఇద్దరూ యెరెవాన్‌లో ఒకే వాకిట్లో చదరంగం నేర్చుకున్నవాళ్లు. వరాజ్ గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. మా ఆయన చదరంగ భవనంలో కొక్కెం కర్ర పట్టుకునే ఉద్యోగంలో చేరాడు. వేదికమీద ఆటగాడు ఎత్తు వేసి గడియారం నొక్కగానే, జనానికి కనిపించేలా వెనక గోడమీది పెద్ద బోర్డుపై ఆ పావును జరపాలి. అంతే పని. అక్కడే నేను కాఫీ కాస్తాను.

"వాడికి మాస్కోలో మంచి గురువు దొరికాడే సిరానుష్. నాకే దొరికుంటేనా!" పెళ్లయిన నాటినుంచీ ఇదే పాట.

"దొరకలేదుగా! ఇక రొట్టె తిను, ఎండిపోతోంది" అంటాను నేను.

ఆరోజు వరాజ్‌కు లెనిన్‌గ్రాడ్ గ్రాండ్‌మాస్టర్‌తో ఆట. హాలు కిక్కిరిసిపోయింది. వరాజ్ మంత్రీ, గుర్రమూ, ఏనుగూ అవతలి రాజు మీదికి కమ్ముకొచ్చాయి. సరిగ్గా అక్కడే అతను తల పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. నేను కాఫీ గిన్నె పొయ్యిమీదే వదిలేసి తలుపు దగ్గర నిలబడ్డాను. మా ఆయన మొహం చూడగానే తెలిసిపోయింది. ఆయనకు గెలిచే ఎత్తు కనిపించింది. వరాజ్‌కు మాత్రం కనిపించకూడదని మొక్కుకుంటున్నాడు, పాపిష్టి మనిషి!

కానీ చెయ్యి ఊరుకుంటేనా? కర్ర లేచింది. గోడమీది ఏనుగు వెళ్లి రాజు ముందున్న బంటును కొట్టి కూర్చుంది. కింద వరాజ్ ఇంకా ఏ పావునూ ముట్టుకోనే లేదు.

హాలంతా గొల్లున నవ్వింది. "ఒరేయ్ అర్షాక్, ఆడేది నువ్వా, వాడా?" అని ఎవరో అరిచారు.

"మతిపోయిందా నీకు? వెనక్కి పెట్టు!" అంటూ న్యాయనిర్ణేత మండిపడ్డాడు.

వరాజ్ తలెత్తి గోడకేసి చూశాడు. లెనిన్‌గ్రాడ్ ఆయన మొహం పాలిపోయింది. మా ఆయన ఏనుగునూ, అది కొట్టిన బంటునూ మళ్లీ పాత గడుల్లో పెట్టాడు.

వరాజ్ ఆ ఎత్తు వెయ్యలేదు. చాలాసేపు ఆలోచించి, అంచునున్న బంటును ఒక్క గడి ముందుకు నెట్టాడు. ఆ తర్వాత గుర్రం దూకింది, మంత్రి దిగింది. రాజుకు తలదాచుకునే చోటు లేకపోయింది. లెనిన్‌గ్రాడ్ ఆయన గడియారం ఆపేసి చెయ్యి చాచాడు.

ఆట అయ్యాక వరాజ్ నేరుగా నా కాఫీ బల్ల దగ్గరికొచ్చి, అందరి ముందూ మా ఆయన్ని కావలించుకున్నాడు.

"ఆ ఏనుగు ఎత్తు నాకు తట్టనే లేదురా! నువ్వు చూపించాక ఆడితే అది దొంగసొమ్మే కదా. అందుకే వేరే దారి వెతుక్కున్నా. నీదైతే ఇంకా తొందరగా ముగిసేది. వదినా, వీడికి మంచి కాఫీ పొయ్యి!"

జనం చప్పట్లు కొట్టారు. హమ్మయ్య, ఇన్నేళ్ల మంట ఇవాళ చల్లారిందనుకున్నాను. పిచ్చిదాన్ని!

ఇంటికొచ్చాక ఆయన రొట్టె ముట్టలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఇంకేం కావాలయ్యా నీకు? అంతమందిలో నిన్ను ఆకాశానికెత్తాడుగా!"

"అదేనే నా ఏడుపు" అన్నాడు కంచం పక్కకు నెట్టేస్తూ. "గెలుపూ వాడిదే, మంచితనమూ వాడిదే. నా ఎత్తు వేసి గెలిచుంటే, దొంగవెధవ అని తిట్టుకుంటూ చచ్చేదాకా హాయిగా బతికేవాణ్ణి. ఇప్పుడు వాణ్ణి ఏమని తిట్టుకోనే?"