నురిజా ఫోనులోని గొంతు

కారాకోల్ బజారు వెనకున్న భోజనశాలలో నేనూ జూరా పక్కపక్కనే పనిచేశాం. నాది రొట్టెల పొయ్యి, తనది చేత్తో లాగే నూడుల్స్, లగ్మాన్. పిండిముద్దను రెండు చేతుల మధ్య సాగదీసి, బల్ల మీద చరిచి, మడిచి మళ్ళీ సాగదీస్తుంటే దారాలు దారాలుగా జారేది. ఎవరైనా గిన్నెలో కాస్త మిగిలిస్తే చాలు, చేతులకు పిండితోనే బయటికి వచ్చి బాగాలేదా అని నిలదీసేది. ఆమెకు జడిసి లారీ డ్రైవర్లు కూడా గిన్నె అడుగు కనిపించేదాకా తినేవారు.

జూరా భర్త సాపర్ బిష్కెక్ దారిలో మినీబస్సు నడిపేవాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, నురిజా. పదమూడేళ్ళది. బడి వదలగానే మా దగ్గరికి వచ్చి, తల్లి పెట్టిన గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళేది, ఖాళీ గిన్నెతో తిరిగి వచ్చేది. ఆ ఏడు వసంతం వచ్చి ఆప్రికాట్లు పూసినా ఆ పిల్ల ఒంటి మీద స్వెటర్ మీద స్వెటర్ అలాగే ఉంది. పెరట్లోని కుక్క మాత్రం బాగా ఒళ్ళు చేసింది. ఆ రెండింటినీ కలిపి చూడాలని మాకెవరికీ తోచలేదు.

ఒకరోజు బడిలో వ్యాయామం చేస్తూ నురిజా కుప్పకూలింది. ఆసుపత్రిలో స్వెటర్లు విప్పించినప్పుడు ఎముకలు తేలిన ఆ భుజాలు చూసి జూరా గోడ పట్టుకుని నిలబడిపోయిందట. డాక్టరమ్మ ఆమెను పక్కకు పిలిచి, పిల్ల ఏం తింటోందని అడగలేదు. ఫోనులో ఏం చూస్తోందని అడిగింది.

చూస్తే ఒక సైటు, తెల్లటి తెర మీద రష్యన్‌లో సన్నటి అక్షరాలు. ఎవరు రాస్తారో తెలియదు. చదివే ఆడపిల్లలను చెల్లీ అని పిలుస్తుంది. ఆకలిని గెలుపంటుంది. మీ అమ్మ వండిపెట్టేది ప్రేమ కాదు, మెడకు పగ్గం అంటుంది. అరుపు లేదు, తిట్టు లేదు. పక్కన కూర్చుని జడ వేస్తున్నంత మెత్తగా ఉంటుంది ఆ మాట.

సాపర్ ఆ ఫోనును రాయికేసి కొడతానన్నాడు. డాక్టరమ్మ వద్దంది. ఇది పగిలితే పిల్లకు ఇంకొకరి ఫోను దొరుకుతుంది, మీతో మాట మాత్రం తెగిపోతుంది అని చెప్పింది. ఫోన్ల దుకాణంలోని అమ్మాయి నురిజా ఫోనులో ఒక కాపలా యాప్ పెట్టింది. పేరు మోసిన చెడ్డ సైట్లన్నింటినీ అదే ఆపేస్తుందట. కానీ ఇలాంటివి మాటిమాటికీ పేరు మార్చుకుంటాయి. కొత్త పేరును ఇంట్లోవాళ్ళే కనిపెట్టి అందులో చేర్చాలి.

ఆ పని జూరా మీద పడింది. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, తన ఫోనులో ఒక్కొక్క సైటే తెరిచేది. చెడ్డదో మంచిదో తేలాలంటే చదవాలి. చదివి, కూతురి ఫోనుకు రాకుండా మూసేది. కొద్దిరోజులకు అదే ఇంకో పేరుతో పుట్టేది. "మనిషి అదే అక్కా. ఇల్లు మారుతోంది అంతే," అనేది నాతో.

ఆసుపత్రి నుంచి నురిజాను ఇంటికి పంపించాక ఒక ఆదివారం రొట్టెలు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పిల్ల చారు గిన్నె ముందు కూర్చుని ఉంది. చెంచా ముట్టలేదు.

"అన్నీ మూసేశానమ్మా. ఇంకేదీ నీ జోలికి రాదు. తిను," అంది జూరా.

నురిజా తలెత్తలేదు. "నువ్వు మూసింది ఫోనులో. నాకవన్నీ నోటికొచ్చు."

అని, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది, బడిలో పద్యం అప్పజెప్పినట్టు. అది పిల్ల గొంతులా లేదు. మధ్యలో ఒకచోట ఆమెకు మాట అందలేదు, ఆగింది.

ఆ తర్వాతి మాట జూరా అందించింది. దాని తర్వాతది కూడా.

నురిజా బిత్తరపోయి చూసింది. "నీకెలా వచ్చు?"

"మూయాలంటే ముందు చదవాలి కదమ్మా. నీ దగ్గరికి వచ్చినవన్నీ నా దగ్గరికీ వచ్చాయి."

"పగ్గం అన్నది కూడా చదివావా?"

"చదివాను."

నురిజా వచ్చి తల్లి ఒడిలో పడి ఏడ్చింది. ఆ పూట చారు తాగలేదు. మర్నాడు రెండు చెంచాలు తాగిందని జూరా చెప్పింది. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ ఇల్లు. శీతాకాలం గడిచి మంచు కరిగేనాటికి నురిజా బుగ్గల్లోకి రంగు వచ్చింది. పెరట్లోకి కాకుండా నా పొయ్యి దగ్గరే కూర్చుని, వేడి రొట్టె తుంచుకుని తినేది.

కానీ జూరా చిక్కిపోయింది. పెళ్ళి విందుల్లో మాంసాన్ని ముక్కలుగా చీల్చి, పళ్ళెంలో ఇటూ అటూ జరిపి, పక్కవాళ్ళకు వడ్డించేసేది. ఎవరైనా గిన్నెలో మిగిలిస్తే ఇప్పుడు బయటికి రావడం లేదు. పిండి లాగుతూ లాగుతూ ఆగిపోయి, వెనక నుంచి ఎవరో పిలిచినట్టు తల తిప్పేది.

ఏమైందని ఒకరోజు గట్టిగా అడిగాను.

"గిన్నె నిండా వడ్డించినప్పుడల్లా ఆ గొంతు వినిపిస్తుందక్కా. ఈ పగ్గం ఎవరి మెడకు కడుతున్నావని అడుగుతుంది. ఆ సైటు ఇంకా ఉందో పోయిందోనని రోజూ తెరిచి చూస్తున్నాను. ఉంటుంది."

అప్పుడు నురిజా రొట్టెలు సర్దుతూ నా వెనకే ఉంది. చేతులు తుడుచుకుని వచ్చి తల్లి ముందు చెయ్యి చాపింది.

"ఫోనివ్వమ్మా."

జూరా వెంటనే ఇవ్వలేదు. ఇచ్చాక కూడా చెయ్యి కాసేపు అలాగే చాచి ఉంచింది. నురిజా గోడకు ఆనుకుని, తన ఫోనులో ఉన్న కాపలాయే తల్లి ఫోనులోనూ పెట్టింది. దాని పాస్‌వర్డ్ తల్లికి చెప్పలేదు.

ఇప్పుడు ఆ సైట్ల కొత్త పేర్లను ఫోన్ల దుకాణంలోని అమ్మాయి చూసుకుంటోంది. జూరా రోజూ నా గిన్నెలోనే నాతో కలిసి తింటుంది. కొన్ని రోజులు బాగానే తింటుంది. కొన్ని రోజులు ముద్ద నోటిదాకా తెచ్చుకుని, చెవి ఒగ్గి ఆగుతుంది. నేను తినడం ఆపను, తొందర పెట్టను. కాసేపటికి నమలడం మొదలుపెడుతుంది.